కూలి కంటే నోటే పెద్దదైతే ఎట్లా పంచాలి?

గ్రీవెన్స్ విభాగం అధికారి గారికి,
బ్యాంకు ప్రధాన కార్యాలయం.
నకలు: మేనేజర్ గారు, కావలి శాఖ, నెల్లూరు జిల్లా.

విషయం: కావలి ట్రంకు రోడ్డులోని మీ ఏటీఎంలో 500 నోట్లు తప్ప రాకపోవడం, బ్రాంచి కౌంటర్‌లో చిన్న నోట్లు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

నేను బోగోలు మండలంలో కావలి కాలువ కింద వరి సాగు చేసే రైతును. మీ కావలి శాఖలో నాకు సేవింగ్స్ ఖాతా ఉంది, పంట రుణం కూడా అక్కడే. నాట్లు మొదలైనప్పటి నుంచి కూలి డబ్బుల కోసం మీ ఏటీఎంకి తిరుగుతూనే ఉన్నాను. ఎప్పుడు వెళ్లినా 500 నోటే. 400 కావాలని నొక్కితే ‘500 గుణిజాల్లో మాత్రమే నమోదు చేయండి’ అని స్క్రీన్ మీద వస్తుంది. వంద నోట్లు, రెండు వందల నోట్లు ఆ మిషన్లోంచి వచ్చి ఎన్నాళ్లయిందో సెక్యూరిటీ అబ్బాయికి కూడా గుర్తు లేదు.

దీనివల్ల పొలం దగ్గర ఏం జరుగుతుందో ఏసీ గదిలో ఉన్నవాళ్లకి తెలిసే అవకాశం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మాకు నాట్లకి వచ్చే ముఠాలో పన్నెండు మంది ఆడవాళ్లు. మనిషికి 450 కూలి. మొత్తం 5,400. నా జేబులో ఉన్నవన్నీ 500 నోట్లు. పదకొండు నోట్లు ఇచ్చి, పైన వంద రేపటి కూలిలో చూసుకుందామని ముఠా పెద్దమ్మాయికి చెప్తాను. తర్వాత కష్టమంతా ఆమెదే. సాయంత్రం గట్టు మీద, కాళ్లకి బురద కూడా కడుక్కోకుండా అందరూ ఆమె చుట్టూ చేరతారు. “అన్నా, నోట్లు ఇచ్చి నువ్వు పోతావు, వీళ్లకి నేనెట్టా పంచేది?” అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇద్దరిద్దరికి కలిపి నోట్లు ఇస్తుంది. వాళ్లిద్దరూ చిల్లర కోసం ఊళ్లో అంగడికి పోవాలి. అంగడాయన ఊరికే మార్చడు, ఏదో ఒకటి కొనాలంటాడు. ఆయన్నీ తప్పు పట్టలేను, పొద్దున్నుంచీ ఆయన దగ్గరికి వచ్చేవన్నీ 500 నోట్లే. అవసరం లేకపోయినా సబ్బో, బిస్కెట్ ప్యాకెట్టో కొని నోటు మార్చుకుంటున్నారు. ‘నీ యాభై రేపిస్తాలే’ అనుకున్న బాకీలు పెరిగి, ఒకే వీధిలో ఉండే ఇద్దరు ఈ సీజన్లో మాటలు మానేశారు. ఎనిమిది గంటలు నీళ్లలో వంగి నాటిన మనిషి కూలి కంటే మీరిచ్చే నోటు పెద్దది. నా ఫిర్యాదు అంతా ఇదే.

మీ కౌంటర్‌కి కూడా వెళ్లాను. నా ఖాతాలో నుంచే పదివేలు వంద నోట్ల కట్టగా ఇవ్వమని అడిగాను. క్యాషియర్ గారు తల ఎత్తకుండానే “స్టాక్ లేదండీ, ఫోన్‌పే చేసేయండి” అన్నారు. ముఠాలో సగం మందికి బటన్ ఫోన్లే. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇంట్లో అది కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. ఆమె కష్టం డబ్బు ఆ ఫోన్లో పడితే ఇంటికి చేరుతుందన్న నమ్మకం ఆమెకే లేదు. చేతిలో పడితేనే అది ఆమె డబ్బు. ఈ మాట మీ క్యాషియర్ గారికి చెప్పాను. వెనక క్యూ ఉందన్నారు.

రిజర్వు బ్యాంకు నిబంధనలు నేను తెలుసుకునే రాస్తున్నాను. అడిగిన వారికి అన్ని విలువల మంచి నోట్లు, నాణేలు ఇవ్వడం, మాసిన, చిరిగిన నోట్లు మార్చి ఇవ్వడం దేశంలోని ప్రతి బ్యాంకు బ్రాంచి అన్ని పని దినాల్లో, ఎవరికీ తేడా చూపకుండా చేయాల్సిన పని. మీ బ్రాంచి దయ మీద ఆధారపడే విషయం కాదు. ఇక ఏటీఎంల గురించి 2025 ఏప్రిల్ 28న రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా సర్క్యులర్ ఇచ్చింది. 2025 సెప్టెంబర్ 30 నాటికి 75 శాతం ఏటీఎంలలో, 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ (మిషన్ లోపల నోట్లు పెట్టే పెట్టె) నుంచి 100 లేదా 200 నోట్లు రావాలని అందులో ఉంది. మొదటి గడువు దాటిపోయాకే మా నాట్లు మొదలయ్యాయి. మా కావలి ఏటీఎం మిగిలిన కొద్ది శాతంలో ఉందని మీరు చెప్పవచ్చు. అలాగైతే ఆ కొద్ది శాతంలోకి చుట్టూ పల్లెలు, కూలి జనం ఉన్న ఊరిని ఏ లెక్కన వేశారో రాతపూర్వకంగా చెప్పండి. చిన్న నోట్లు అందరికంటే ముందు కావాల్సింది ఇక్కడే.

మీ ఇబ్బంది కూడా నాకు తెలియకపోలేదు. క్యాసెట్‌లో 500 బదులు వంద నోట్లు పెడితే అందులో అయిదో వంతు సొమ్మే పడుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది, క్యాష్ బండి ఎక్కువసార్లు రావాలి. నెలలో పది గంటలకు మించి ఏటీఎంలో డబ్బు లేకపోతే 10,000 రూపాయల జరిమానా ఉంది. అందుకే అన్నిట్లో 500 నింపేస్తే మీకు టెన్షన్ ఉండదు. కానీ ఆ ఖర్చు మాయం కాలేదు, మా గట్టు మీదకి వచ్చింది. మీ క్యాష్ బండి మిగుల్చుకున్న డబ్బుని పన్నెండు మంది ఆడవాళ్లు అక్కర్లేని సబ్బుల రూపంలో కడుతున్నారు.

ఇంకొక్క విషయం. ఉపాధి హామీ డబ్బులు పడే ఖాతాల్లో చాలామందికి చివర్లో మూడొందలో, నాలుగొందలో మిగులుతాయి. ఏటీఎం అవి ఇవ్వదు. అంత చిన్న మొత్తానికి ఛార్జీ పెట్టుకుని కావలి దాకా వచ్చి క్యూలో నిలబడి స్లిప్పు రాయించుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? వాళ్ల డబ్బు మీ దగ్గరే ఉండిపోతోంది. 2023 మేలో 2000 నోటు ఉపసంహరించినప్పుడు ఇక చిల్లర బాధ తగ్గుతుందని మేమంతా అనుకున్నాం. ఇప్పుడు ఆ జాగాలోకి 500 వచ్చి కూర్చుంది.

ట్రంకు రోడ్డులోని ఏటీఎంలో ఒక క్యాసెట్ 100 లేదా 200 నోట్లకి కేటాయించి, అది ఖాళీ అయినప్పుడు మళ్లీ వాటితోనే నింపించండి. నాట్లు, కోతల సీజన్లో రైతులు ముందురోజు చెప్తే మర్నాటికి వంద నోట్ల కట్టలు కౌంటర్‌లో సిద్ధంగా ఉండేలా మేనేజర్ గారికి ఆదేశాలు ఇవ్వండి. కోతలు ఎక్కువగా మిషన్‌తోనే అయినా కల్లం పనికి, బస్తాలు ఎత్తే పనికి మళ్లీ కూలీలే కావాలి, ఆ రోజులు దగ్గరికొస్తున్నాయి. కౌంటర్‌లో చిల్లర లేదన్నప్పుడు ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని కూడా సిబ్బందికి చెప్పండి.

ఈ ఫిర్యాదుకి నంబరు ఇచ్చి, 30 రోజుల్లోగా జవాబు పంపగలరు. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాస్తాను. ఏటీఎం స్క్రీన్ ఫొటోలు, నేను డబ్బు తీసిన రసీదులు జత చేశాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
బోగోలు మండలం, నెల్లూరు జిల్లా.