కళాశాల కొత్త భవనం ముఖభాగం పనులు – జమా ఖర్చుల వివరణ

దాతలకు, పూర్వ విద్యార్థులకు, అధ్యాపకులకు, సిబ్బందికి నిర్మాణ కమిటీ నమస్కారాలు. కొత్త భవనం ముఖభాగం కోసం వసూలైన సొమ్ముకు, అయిన ఖర్చుకు సంబంధించి ఆడిటరు సంతకం చేసిన లెక్కల పట్టికను కళాశాల నోటీసు బోర్డులో ఉంచాము. అసలు మొత్తాలన్నీ అందులోనే ఉన్నాయి గనుక, ఇక్కడ జమ మొత్తాన్ని వంద వంతులుగా తీసుకొని, ఏ వంతు దేనికి ఖర్చయిందో, ఆర్కిటెక్టు ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, కమిటీ ఎందుకు అంగీకరించిందో వివరిస్తున్నాము. "ఇంత ఖర్చు పెట్టినా ఎదురుగా నిలబడి చూస్తే సాదాగానే ఉంది, డబ్బంతా ఎటు పోయింది?" అని సర్వసభ్య సమావేశంలో వచ్చిన ప్రశ్న న్యాయమైనదే. ఖర్చులో పెద్ద భాగం కంటికి కనిపించని చోటనే ఉంది.

జమ వైపు చెప్పవలసింది తక్కువ. పూర్వ విద్యార్థుల చందాలు 52 వంతులు, యాజమాన్యం ఇచ్చినది 38, అధ్యాపకులు, సిబ్బంది ఇచ్చినది 7, బ్యాంకు వడ్డీ 3. ఒక దాత తన విరాళాన్ని ప్రత్యేకించి అద్దాల గోడకే వాడాలని కోరారు. ఆర్కిటెక్టు నమూనాలో అద్దాల గోడ లేదు కాబట్టి, ఆ సొమ్మును ఇటుక జాలీకి మళ్లించడానికి వారి నుండి రాతపూర్వకంగా అంగీకారం తీసుకున్న తరువాతే రసీదు ఇచ్చాము.

అద్దాల గోడ ఎందుకు వద్దన్నారో చెప్పాలి. మన భవనం ముఖం పడమటికి ఉంది, తరగతులు సాయంత్రం దాకా నడుస్తాయి. గాజు గుండా లోపలికి వచ్చిన ఎండ వేడి మళ్లీ అంత సులువుగా బయటికి పోదు. 1926లో ప్రారంభమైన బౌహౌస్ (జర్మనీలోని డెసావ్ నగరంలో ఉన్న డిజైన్ పాఠశాల) భవనంలో వర్క్‌షాపుల విభాగానికి దాని ఆర్కిటెక్టు వాల్టర్ గ్రోపియస్ పెట్టిన గాజు గోడ ప్రపంచమంతటా పేరు పొందింది. అయితే లోపల పనిచేసేవారు వేసవిలో ఉక్కతోనూ, శీతకాలంలో చలితోనూ ఇబ్బంది పడ్డారు. అందం విషయంలో మాకూ ఆ భవనం మీద గౌరవమే గానీ, పరీక్ష రాసే విద్యార్థి ముఖం మీద ఎండ పడే గదులు కట్టడానికి ఎవరూ చందా ఇచ్చి ఉండరు.

నీడ కోసం 17 వంతులు ఖర్చయ్యాయి. మామూలు సన్‌షేడ్లతో సరిపెట్టి ఉంటే ఇందులో సగమే అయ్యేదని కొందరు సభ్యులు అన్నారు. కానీ కిటికీకి ఎదురుగా ఉన్న సూర్యుడు 60 డిగ్రీల ఎత్తులో ఉంటే, 600 మిల్లీమీటర్ల సన్‌షేడ్ తన కింద ఒక మీటరుకు పైగా నీడనిస్తుంది. సూర్యుడు 30 డిగ్రీలకు దిగాక అదే సన్‌షేడ్ నీడ 350 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. అంటే పడమటి గోడకు, సరిగ్గా అవసరమైన వేళకే అది పనికిరాదు. అందుకే ఆర్కిటెక్టు నిలువు కాంక్రీటు పలకలను ఎంచుకొని, వాటిని గోడకు లంబంగా నిలపకుండా ఉత్తరపు వెలుతురు వైపు కొంత తిప్పారు. మెట్ల గది, నడవాల ముందు ఉన్న ఇటుక జాలీకి 14 వంతులు, కిటికీలకు 13 అయ్యాయి. కిటికీల ఖర్చు కొంత పెరగడానికి కారణం ఫ్రేముల చుట్టూ వదిలిన సందులు, వాటిలో నింపిన సీలెంటు. మూడు మీటర్ల అల్యూమినియం ఫ్రేము 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. సందు లేకపోతే గోడ పూత పగులుతుంది, ఆ పగులులోంచి వాన నీరు దిగుతుంది.

అన్నిటికంటే పెద్ద పద్దు రాతి తొడుగు: 34 వంతులు. అందరికంటే తక్కువకు కోట్ చేసిన టెండరుదారు 20 మిల్లీమీటర్ల గ్రానైటు పలకలను సిమెంటు మీద అతికిస్తామన్నారు. ఆ మందానికే చదరపు మీటరు రాయి 54 కిలోల బరువుంటుంది. ఎత్తున, రోజంతా ఎండకు వేడెక్కి రాత్రి చల్లబడే గోడ మీద, అంత బరువును అతుకు ఒక్కటే ఎన్నేళ్లు మోస్తుందన్నది ఆర్కిటెక్టు వేసిన ప్రశ్న. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్టిర్లింగ్ రూపొందించగా 1968లో పూర్తయిన చరిత్ర విభాగం భవనానికి బయట అతికించిన ఎర్ర టైల్స్ తరువాతి కాలంలో ఊడిపడ్డాయని వారు గుర్తుచేశారు. కాబట్టి ఆ టెండరును కాదని, 30 మిల్లీమీటర్ల పలకల అంచుల్లో గాడి కోసి స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులతో గోడకు బిగించే పద్ధతినే ఆమోదించాము. మామూలు ఇనుము తుప్పు పడితే ఉబ్బి రాతిని లోపలి నుండే చీల్చేస్తుంది గనుక క్లాంపుల దగ్గర బేరమాడలేదు. రాతికీ గోడకూ మధ్య వదిలిన ఖాళీలో గాలి ఆడుతుంది, లోపలికి చేరిన నీరు కిందికి జారి బయటపడుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క కిటికీ వరసను నమూనాగా కట్టించి పైపుతో నీళ్లు కొట్టించాము. దీనికి, రాతి పరీక్షలకు కలిపి 2 వంతులు అయ్యాయి. కిటికీ కింది రాతిపలక అంచు దాటిన నీరు కిందికి పడకుండా, అడుగు భాగాన్ని పట్టుకొని వెనక్కి పాకి, గోడ మీద నల్లటి చారగా దిగడం అక్కడే చూశాము. పలక అడుగున, అంచుకు కొంచెం లోపలగా వేలెడు వెడల్పు గాడి కోయించాక నీరు ఆ గాడి దగ్గరే ఆగి చుక్కలుగా రాలింది. ఆ గాడి ఇప్పుడు ప్రతి కిటికీకీ ఉంది, నేల మీద నిలబడి చూస్తే ఎవరికీ కనిపించదు.

పరంజాకు 6 వంతులు, ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు ఫీజులకు 7 వంతులు చెల్లించాము. ముఖభాగం మీద దాతల పేర్ల పలకలు అమర్చాలన్న ప్రతిపాదనకు ఖర్చేమీ పెట్టలేదు. ఆ పేర్లు లోపలి హాలు గోడ మీదికి వస్తాయి.

ఇంతవరకు ఖర్చు 93 వంతులు. మిగిలిన 7 వంతుల్లో 5 కాంట్రాక్టరు బిల్లుల నుండి పట్టి ఉంచిన రిటెన్షన్ సొమ్ము. ఒక వానాకాలం గడిచి, లోపలి గోడల్లో ఎక్కడా చెమ్మ లేదని ఇంజినీరు రాసి ఇచ్చాకే దానిని విడుదల చేస్తాము. తక్కిన 2 వంతులు సీలెంటు మార్చడానికీ, జాలీ శుభ్రం చేయించడానికీ నిర్వహణ ఖాతాలో ఉన్నాయి. వోచర్లు, కొలతల పుస్తకం, తిరస్కరించిన టెండరు పత్రాలు సహా అన్నీ కళాశాల కార్యాలయంలో పనివేళల్లో ఏ దాత అయినా చూడవచ్చు. అభ్యంతరాలను రాతపూర్వకంగా కార్యదర్శికి అందజేస్తే, తదుపరి సమావేశపు ఎజెండాలో చేరుస్తాము.

– నిర్మాణ కమిటీ