వార్షిక నివేదిక 2025–26: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గ మిత్రులకు, సంఘం సభ్యులకు, మన దగ్గర ఆడుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఈ ఏడాది మాత్రం ఆటకంటే మాటే ఎక్కువ జరిగింది. మన ఫుట్‌బాల్ క్లబ్బు ఎవరిది, డబ్బు ఎక్కడినుంచి రావాలి, జట్టును పైకి తీసుకుపోవాలా పిల్లల్ని తయారుచేయాలా అన్న చర్చ నెలల తరబడి సాగింది. అందుకే ముందు ఆ సంగతే రాస్తున్నాను.

ప్రత్యేక సర్వసభ్య సమావేశం

నవంబరులో జరిగిన ప్రత్యేక సమావేశానికి వచ్చినవారికంటే రానివారే ఎక్కువ. కాబట్టి వివరంగా నమోదు చేయడం నా బాధ్యత. ఒక ప్రైవేటు అకాడమీ వారు మనకు రాతపూర్వకంగా ప్రతిపాదన పంపారు. సీనియర్ జట్టు ఖర్చు మొత్తం వాళ్లు భరిస్తారు. గ్రౌండు చుట్టూ కంచె వేయిస్తారు, జెర్సీలు, బూట్లు ఇస్తారు. బదులుగా క్లబ్బు పేరుకు ముందు వాళ్ల పేరు చేరాలి, కార్యవర్గంలో సగానికి పైగా స్థానాలు వాళ్లవి కావాలి, పిల్లల శిక్షణకు నెలకు ఎంత ఫీజు అన్నది వాళ్లే నిర్ణయిస్తారు.

దీన్ని సమర్థించినవారిని కొందరు వాట్సాప్ గ్రూపులో అమ్ముడుపోయినవాళ్లు అన్నారు. అది అన్యాయం. వాళ్ల వాదనలో బలం ఉంది. రైల్వేలో పనిచేసి రిటైరైన మన మాజీ డిఫెండర్ గారు లేచి, హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎప్పుడూ ఏదో ఒక సంస్థ నీడలోనే బతికిందని గుర్తుచేశారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వెనక ఒక శాఖ ఉంది, జీతం ఉంది, ఉద్యోగం ఉంది. మన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అంతటి ఆటగాడు కూడా 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఆటగాడికి అన్నం పెట్టే చోటు కావాలి, అది మన చందాలతో అయ్యే పని కాదు అన్నది ఆయన మాట. సభలో చాలాసేపు ఎవరూ దానికి జవాబు చెప్పలేదు.

జవాబు చెప్పింది మన యువ సభ్యుల్లో ఒకరు. 2019లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్‌లో పూణే జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన ఆ రాత్రి మన పిల్లలు రోడ్ల మీద గెంతులేశారు, మీలో చాలామంది చూసే ఉంటారు. 2025లో అదే ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది, పేరూ మారిపోయింది. గచ్చిబౌలిలో పసుపు జెర్సీ వేసుకుని డప్పు కొట్టిన అభిమానులను అడిగి ఎవరూ ఆ నిర్ణయం తీసుకోలేదు. మనది గల్లీ క్లబ్బే కావచ్చు, కానీ సగానికి పైగా స్థానాలు ఇచ్చేశాక రేపు వాళ్లు జట్టును ఇంకో చోటికి తీసుకుపోతామంటే అడ్డుకునే ఓటు మనకు ఉండదు. ఆ అబ్బాయి చెప్పింది ఇదే.

ఇంగ్లండులో వింబుల్డన్ సంగతి కూడా అతనే ఎత్తాడు. 2002లో అక్కడి క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు మార్చడానికి అనుమతి ఇస్తే, అభిమానులు తమ చందాలతో ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. అక్కడి లీగుల తొమ్మిదో అంచెలో మొదలుపెట్టి 2011కల్లా ప్రొఫెషనల్ లీగులోకి ఎక్కారు. 2020లో ప్లౌ లేన్‌లో సొంత స్టేడియానికి తిరిగొచ్చారు. అభిమానుల ట్రస్టులో ఎంత డబ్బు ఇచ్చినా ఒక సభ్యుడికి ఒకే ఓటు. వినడానికి గొప్పగా ఉంది, నిజంగా గొప్పదే. అయితే అక్కడ చిన్న లీగు మ్యాచికి కూడా టికెట్టు కొని వస్తారు, టీ కొట్టు మీద కూడా క్లబ్బుకు ఆదాయం ఉంటుంది. మన మ్యాచులకు టికెట్టు లేదు. పెట్టినా మధ్యాహ్నం మూడు గంటల ఎండలో కొనేవారు లేరు. కాబట్టి వాళ్ల ధైర్యం తీసుకోవచ్చు గానీ వాళ్ల లెక్కలు మనకు సరిపోవు. ఈ మాట నేను సభలోనూ చెప్పాను.

చివరికి సభను తిప్పింది ఫీజు విషయం. అండర్-13 బ్యాచిలో ఉన్న ఒక పాప తల్లి, వెనక వరుసలోంచి, నెల ఫీజు పెడితే మా అమ్మాయి మానేస్తుంది, అంతే అన్నారు. ఆవిడ అంతకుమించి మాట్లాడలేదు. ఆ తర్వాత ఓటింగు జరిగింది. ప్రతిపాదన స్పష్టమైన మెజారిటీతో వీగిపోయింది. కార్యదర్శిగా నేను ఓటు వేయలేదు. ఫలితం సరైనదేనని మాత్రం నా అభిప్రాయం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా అనాలి. వద్దు అని చేయి ఎత్తినవారిలో ఎక్కువమంది ఆ తర్వాత గ్రౌండు వైపు రాలేదు. ఇన్వెస్టరు వద్దంటే ఆ ఖర్చు మనది, ఆ చాకిరీ మనది అని అర్థం. ప్రతిపాదనను సమర్థించి ఓడిపోయిన మన మాజీ డిఫెండర్ గారు మాత్రం మర్నాడు ఆదివారం కూడా ఉదయం ఆరింటికి వచ్చి పిల్లలకు హెడింగ్ నేర్పారు. ఆయనకు ఈ సభ ముఖంగా నా నమస్కారాలు.

ఆగస్టు 17: బలహీనమైన కాలి టోర్నమెంటు

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని ఇది. 1909 ఆగస్టు 17న పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి మన పిల్లలకు తెలిసింది తక్కువ. వృత్తికి ఉపాధ్యాయుడు, సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ కోచ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనే వచ్చాయి. రహీం సాబ్ హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు పెట్టేవారు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. ఆ రెండో పద్ధతిని ఆయన జయంతి రోజున అండర్-13 పిల్లలకు పెడదామని కార్యవర్గం నిర్ణయించింది. ఆ రోజు ఆదివారం కలిసొచ్చింది.

ప్రతి పిల్లవాడికీ ఏ కాలు బలమైనదో కోచ్ ముందే రాసుకున్నారు. ఆ కాలికి మోకాలి కింద ఎర్ర రిబ్బను కట్టాం. రిబ్బను కాలితో బంతి తాకితే ఎదుటి జట్టుకు ఫ్రీకిక్. మొదటి మ్యాచిలో ఈలలే ఈలలు. పాస్ ఇవ్వబోయి బంతి మీద కాలు వేసి పడ్డవాళ్లు, పక్కనున్నవాడికి తోయబోయి త్రో-ఇన్ ఇచ్చుకున్నవాళ్లు. తల్లిదండ్రులు గట్టు మీద కూర్చుని నవ్వారు. ముందురోజు వానకు గోల్ ముందు బురద కూడా ఉంది. మధ్యాహ్నానికి ఆట మారింది. బలమైన కాలు లేదు కాబట్టి దూరం కొట్టడం మానేసి దగ్గరి పాసులు మొదలుపెట్టారు. బంతి రాకముందే ఒళ్లు తిప్పుకుని నిలబడటం మొదలుపెట్టారు. కోచ్ ఏడాది పొడవునా అరిచి చెప్పేది ఇదే.

ఫైనల్లో పైన చెప్పిన ఆవిడ కూతురే, కుడికాలి ఆటగత్తె, ఎడమ అరికాలితో బంతిని ఆపి, ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులోంచి నేల మీద జార్చిన పాస్ చూసి రెఫరీ గారే చప్పట్లు కొట్టారు. గోల్ కాలేదు, ఆ పాస్ మీద కొట్టిన బంతి పోస్టుకు తగిలి బయటికి పోయింది. అయినా అక్కడున్నవాళ్లు ఇప్పటికీ దాని గురించే మాట్లాడుతున్నారు. ఆ రోజునుంచి ప్రాక్టీసు అయ్యాక పిల్లలు గోడకు ఎడమకాలితో బంతి కొట్టుకుంటున్నారు, ఎవరూ చెప్పకుండానే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య పేరు మన అమ్మాయిల నోట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. అమ్మాయిల బ్యాచి ఈ ఏడాది పెరిగింది. వాళ్లకు బట్టలు మార్చుకోవడానికి గది లేదు. పక్కింటి వారు తమ ముందుగది ఇస్తున్నారు. ఎన్నాళ్లు అడుగుతాం?

సైకిల్ నిధి

దూరం నుంచి వచ్చే పిల్లలకు బస్సు, ఆటో ఖర్చు ఇవ్వడానికి సెప్టెంబరులో మొదలుపెట్టిన నిధికి ఈ పేరు పెట్టడానికి కారణం ఉంది. బలరాం కుర్రతనంలో అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు రావడానికి డబ్బులు లేవంటే, రహీం సాబ్ సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించారు. ఆ కుర్రవాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా బంగారు పతకం జట్టులో ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం గారు కన్నుమూసినప్పుడు మన గ్రౌండులో నిమిషం మౌనం పాటించాం. ఆయన పేరు మీద చేయగలిగింది ఇంతకంటే మంచిది నాకు తోచలేదు. నిధి చిన్నదే, కానీ దానివల్ల మానేయబోయిన పిల్లలు మళ్లీ వస్తున్నారు.

సీనియర్ జట్టు

లీగులో తన డివిజన్లో నిలబడింది, కిందికి దిగలేదు. గెస్టు ఆటగాళ్లకు డబ్బులివ్వకుండా, మన పిల్లలతోనే ఆడి నిలబడిందని గుర్తించాలి. చివరి రెండు మ్యాచులకు పదకొండు మంది కూడా రాకపోవడం గురించి కెప్టెన్‌తో మాట్లాడాం. పనిచేసే కుర్రాళ్లకు వారం మధ్యలో మ్యాచి పెడితే సెలవు దొరకదు. ఇది లీగు నిర్వాహకులకు కూడా రాశాం.

గ్రౌండు

మైదానం ఏ కార్యాలయం కింద ఉందో మీకందరికీ తెలుసు. చదును చేయించమని, రెండు లైటు స్తంభాలకు కరెంటు కనెక్షను ఇమ్మని ఇచ్చిన దరఖాస్తులు ఇంకా ఒక బల్ల మీదినుంచి మరో బల్ల మీదికి పోతున్నాయి. అధికారి మారినప్పుడల్లా ఫైలు మొదటికొస్తోంది. టోర్నమెంటుకు ఆహ్వానించాం, వస్తామన్నారు, రాలేదు. వారి కోసం వేసిన ముందు వరుస కుర్చీల్లో పిల్లల తాతయ్యలను కూర్చోబెట్టాం. పెళ్లిళ్ల సీజన్లో షామియానా గుంజలు పాతిన గుంతలు మనమే పూడ్చుకుంటున్నాం. పిల్లల చీలమండలు మెలిపడేది ఆ గుంతల్లోనే. ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు.

వాలంటీర్ల గురించి

మ్యాచి రోజున చేయాల్సిన పనులు కొత్తవేమీ కావు. తెల్లవారుజామున నీళ్లు చల్లాలి, సున్నంతో గీతలు వేయాలి, నెట్లు కట్టాలి, ఐసు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె తేవాలి, అయ్యాక నెట్లు విప్పి లెక్కపెట్టి గదిలో పెట్టాలి. గత సమావేశంలో చాలామంది పేర్లు ఇచ్చారు. మొదటి నెల వచ్చారు. దసరా తర్వాత నలుగురైదుగురి మీదే భారం పడింది. ఒక ఆదివారం గీతలు వేసిన మనిషే లైన్స్‌మన్‌గా నిలబడి, మ్యాచి అయ్యాక కోన్లు ఏరాల్సి వచ్చింది. ఆరోగ్యం, ఉద్యోగం, ఇంటి పనులు అందరికీ ఉంటాయి. రాలేనప్పుడు ముందురోజు ఒక ఫోను చేస్తే ఇంకొకరిని పిలుచుకుంటాం. ఆ ఫోను కూడా రాకపోవడమే బాధ.

జమాఖర్చులు

ఆడిటరు సంతకం చేసిన పట్టిక ప్రతి ఒక్కరికీ ఇచ్చాం, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. క్లుప్తంగా చెప్పాలంటే, ఖర్చు జమను మించింది, లోటును పాత డిపాజిట్టు నుంచి పూడ్చాం. వచ్చే ఏడాది మళ్లీ అలా చేయడానికి డిపాజిట్టు చాలదు. రెఫరీ ఫీజులు, బంతులు, లీగు రిజిస్ట్రేషను ఈ మూడే పెద్ద పద్దులు. సభ్యత్వ బకాయిలు ఉన్నవారి జాబితా బోర్డు మీద పెట్టాం.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు ఎందుకు తేవడం లేదని ప్రతి ఏడాదీ అడుగుతున్నారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఖర్చుపెట్టాలి, ఒలింపిక్ క్రీడల శిక్షణ అందులోకి వస్తుంది, నిజమే. కానీ అది తీసుకునే సంఘానికి 12ఎ, 80జి అనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు చేయాలి, మూడేళ్ల పని రికార్డు చూపాలి. పని రికార్డు మనకుంది. మొదటి రెండు రిజిస్ట్రేషన్ల కాగితాలు మన సభ్యుల్లోని చార్టర్డ్ అకౌంటెంటు గారు ఉచితంగా చేసి పెడుతున్నారు. ఇన్వెస్టరు లేకుండా నిలబడాలంటే ఇది ఒక దారి. కార్యవర్గం స్థానాలు అడగకుండా ఇచ్చేవారి డబ్బు తీసుకోవడానికి నాకే అభ్యంతరమూ లేదు.

కృతజ్ఞతలు

కోచ్ గారికి, గోల్‌కీపర్లకు విడిగా శిక్షణ ఇచ్చిన మిత్రుడికి, టోర్నమెంటుకు ట్రోఫీలు ఇచ్చిన స్పోర్ట్స్ షాపు యజమానికి, పిల్లలకు అరటిపళ్లు, నిమ్మరసం ఇచ్చిన మహిళా సభ్యులకు, మైకు సెట్టు ఇచ్చిన వినాయక మండపం కుర్రాళ్లకు, వాన వస్తే పిల్లలకు తలుపు తెరిచిన మసీదు కమిటీ పెద్దలకు, చర్చి పక్కన సైకిళ్లు పెట్టుకోనిచ్చిన వారికి, మూడు మ్యాచులకు ఫీజు తీసుకోని రెఫరీ గారికి, చిరిగిన నెట్లు కుట్టిపెట్టిన పెద్దాయనకు, జట్టు బట్టలు ఉతికించిన కుటుంబానికి, ముందుగది ఇచ్చిన పక్కింటి వారికి, తమ పేరు రాయొద్దన్న ఇద్దరు దాతలకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఈ రోజు సభ ముందున్న తీర్మానాలు

సభ్యత్వ రుసుము ఏడాదికి ₹300 నుంచి ₹600కు పెంచాలి. విద్యార్థులకు, ఆడే పిల్లల తల్లులకు పాత రుసుమే ఉంచాలి. క్లబ్బు పేరు మార్చడానికి, కార్యవర్గం స్థానాలు బయటివారికి ఇవ్వడానికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల ఓటు తప్పనిసరి చేస్తూ నిబంధనావళిని సవరించాలి. సైకిల్ నిధికి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఇద్దరి సంతకాలు ఉండాలి. ఖాళీ అయిన రెండు కార్యవర్గ స్థానాల్లో ఒకటి అమ్మాయిల బ్యాచి తల్లిదండ్రులకు ఇవ్వాలి. ఎన్నికైన కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారు కార్యాలయంలో గడువులోగా దాఖలు చేయాలి.

ఆదివారాల డ్యూటీ పుస్తకం ఈసారి వాట్సాప్‌లో కాదు, హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. నవంబరులో చేయి ఎత్తిన ప్రతి ఒక్కరూ వెళ్లేముందు అందులో కనీసం ఒక ఆదివారం ఎదురుగా తమ పేరు, ఫోను నంబరు రాసి సంతకం చేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
కార్యదర్శి