కేసు షీట్ సంగతి

కావలి

చి. సుజాతకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. చెరువు కింద నాట్లు పూర్తయ్యాయి. నువ్వు రాసిన మాత్రలకు మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. డ్యూటీలు ఎక్కువ అనుకుంటున్నాం.

సింగరాయకొండ పెళ్లిలో రాఘవ మామ ఒక మాట అన్నాడు. మీ ఆస్పత్రిలో ఆపరేషన్ తరువాత ఒకామెకు విషమించిందట, వాళ్లవాళ్లు వకీలును కలిశారట, ఆ రాత్రి డ్యూటీ నీదేనట. నిజమా అని నేను అడగడం లేదు. ఆమె ఎవరో, జబ్బేమిటో నాకు చెప్పవద్దు, మీ అమ్మకూ వద్దు. తింటున్నావా, నిద్ర పడుతోందా, అది చెప్పు.

చిన్నత్త సంగతి నీకు సగమే తెలుసు. 2009లో గర్భసంచి ఆపరేషన్ చేశాక కుట్లు చీము పట్టి మళ్లీ కోశారు. ఆమె ఇల్లు చేరకముందే ఆ సంగతి బుచ్చిరెడ్డిపాళెంలో వాళ్ల వీధి టీ కొట్టుకు చేరింది. చెప్పింది ఆ ఆస్పత్రి కాంపౌండరే. నేను అర్జీ పట్టుకుని, ఆమె చికిత్స వివరాలు రాసిన కేసు షీట్ నకలు అడిగితే మాత్రం 'అది రహస్యం' అన్నారు. నాలుగుసార్లు తిప్పి ఐదోసారి ఇచ్చారు. జ్వరం 102 అని నల్ల సిరాతో రాసిన చోట, 2 మీద నీలి సిరాతో సున్నా దిద్ది 100 చేసి ఉంది. అత్త దాని మీద వేలు పెట్టి, "నా ఒంటి సంగతి ఊరందరికీ చెప్పారు, నాకు మాత్రం దాచారు" అని ఏడ్చింది. కోర్టు గుమ్మం తొక్కే మనిషి కాదు. ఆ సున్నా చూశాక, రెండేళ్ల గడువుకు వారం ముందు వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది.

రహస్యం రోగిదమ్మా, ఆస్పత్రిది కాదు. రోగి గానీ ఆమె తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. నీ వల్ల ఒక్క పూట కూడా ఆలస్యం కాకూడదు. ఒక్క అక్షరం దిద్దవద్దు, ఎవరు దిద్దమన్నా సరే. నీ తప్పు లేదని చెప్పుకోవడానికైనా ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో పెట్టవద్దు. జడ్జి అడిగితే అక్కడ చెప్పు. చికిత్స ఫలించనంత మాత్రాన నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. ఆ రాత్రి రాసింది రాసినట్టే ఉంటే నీకు అదే సాక్ష్యం.

మొలగొలుకుల బియ్యం, నిమ్మకాయ పచ్చడి బస్సులో వేస్తున్నాను. సీసా మూత వదులు, నిలబెట్టి ఉంచు. రాత్రి డ్యూటీకి ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. ఫోన్ ఎత్తి ఒక్క మాట మాట్లాడు, మీ అమ్మ దాన్ని పక్కన పెట్టుకునే పడుకుంటోంది. వకీలు దగ్గరికి వెళ్లవలసి వస్తే నేనూ వస్తాను. మీరు మాట్లాడుకునేంతసేపు బయట కూర్చుంటాను.

ఇట్లు,
నాన్న