నంబరు చూసి బ్లాకు సంగతి చెబుతాం, కారు జాతకం చెప్పలేం

మిషిగన్‌లోని మా షాపుకు పాత షెవ్రొలేలు తెచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి రెండు పద్ధతులు మారుస్తున్నాం. ఫోన్లో ఫోటో చూసి "ఒరిజినల్ ఇంజనే" అని కాగితం రాసివ్వడం ఇక ఉండదు. రెండోది, డెక్కు (ఇంజన్ బ్లాకు మీద సిలిండర్ హెడ్ కూర్చునే చదును) మిల్లింగుకు బ్లాకును మిషన్ మీదకు ఎక్కించేముందు మీ సంతకం తీసుకుంటాం. కౌంటర్ దగ్గర ఈ మాట చెబితే డబ్బు గుంజడానికి సాకు వెతుకుతున్నానని కొందరు అనుకుంటున్నారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మన తెలుగు కుర్రాళ్ళకు 1969 షెవ్రొలే కమారో మీద మోజు ఎక్కువ. వాట్సాప్‌లో వచ్చే ఫోటో దాదాపు ఒకేలా ఉంటుంది: డ్రైవర్ వైపు, బ్లాకు వెనకాల, గేర్‌బాక్సు బిగించే అంచు మీద ఉబ్బెత్తు అంకెల్లో 3970010. కింద ఒక ప్రశ్న: "అన్నా, ఇది 350యే కదా? ఫోర్ బోల్టే కదా?"

అది పోత నంబరు. ఇసుక అచ్చులో ఇనుము పోసినప్పుడే బ్లాకుతో పాటు వచ్చేస్తుంది. ఆ రకం బ్లాకులన్నిటికీ అదే నంబరు. 3970010 పోత 1969లో మొదలై 1970ల చివరిదాకా నడిచింది. ఎక్కువగా 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్లకే వాడారు గానీ, మొదట్లో అదే బ్లాకుతో 327లు, 302లు కూడా వచ్చాయి. మూడింటికీ బోరు (సిలిండర్ వ్యాసం) 4 అంగుళాలే. తేడా అంతా క్రాంకులో (పిస్టన్లు తిప్పే ఇరుసులో) ఉంది: 302కు స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3 అంగుళాలు, 327కు 3.25, 350కు 3.48. బయట ఎంతసేపు చూసినా అది కనపడదు. ఫోర్ బోల్టు సంగతీ అంతే. అదే నంబరుతో మెయిన్ బేరింగ్ క్యాపుకు (క్రాంకును పట్టి ఉంచే మూతకు) రెండు బోల్టులున్న బ్లాకులూ వచ్చాయి, నాలుగున్నవీ వచ్చాయి. ఆయిల్ పాన్ దింపి చూడాల్సిందే. అమ్మేవాడు "010 బ్లాకు, ఫోర్ బోల్టు గ్యారంటీ" అన్నాడంటే, పాన్ విప్పిన ఫోటో చూపించమని అడగండి.

తర్వాత పోత తేదీ. ఇది సాధారణంగా ప్యాసింజర్ వైపు వెనక అంచు మీద ఉంటుంది. మొదటి అక్షరం నెల: ఏ అంటే జనవరి, అక్కణ్ణుంచి వరసగా ఎల్ అంటే డిసెంబరు. తర్వాత రోజు, చివర సంవత్సరంలో ఆఖరి అంకె. "సి 14 9" అని ఉంటే మార్చి 14. ఏ సంవత్సరం? 1969 కావచ్చు, 1979 కావచ్చు. ఒకే నంబరు బ్లాకు పదేళ్ళు పోస్తే వచ్చే తంటా ఇదే.

ఈ వసంతంలో ఒక కస్టమర్ విడి బ్లాకు కొని తెచ్చారు. 1969దని చెప్పి అమ్మారట. నంబరు 3970010, తేదీ చివర 9. బ్లాకు మీద కొట్టిన కారు నంబరు ముద్ర కూడా 19ఎన్‌తో మొదలవుతోంది: 1 షెవ్రొలే, 9 సంవత్సరం, ఎన్ ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. అన్నీ కుదిరినట్టే ఉన్నాయి. కానీ 1979 కమారోకు కూడా ఆ ముద్ర 19ఎన్‌తోనే మొదలవుతుంది! చిక్కు విప్పింది ముందువైపు ప్యాడ్ మీది కోడ్. 1969లో చివర రెండక్షరాలే కొట్టేవాళ్ళు, 1970 నుంచి మూడు. ఆయన బ్లాకు మీద మూడున్నాయి. బ్లాకు మంచిదే, బోరు బాగుంది, కానీ పెట్టిన ధరకు తగ్గది కాదు.

ఆ ప్యాడ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కు సరిగ్గా ముందు, ఆల్టర్నేటర్ బ్రాకెట్ల చాటున ఉండే చిన్న చదును అది. "వి 0402" అని మొదలైతే, ఫ్లింట్ ఫ్యాక్టరీలో ఏప్రిల్ 2న ఇంజన్ బిగించారని అర్థం. టోనవాండా ఫ్యాక్టరీ అయితే టి. చివరి అక్షరాలు ఆ ఇంజన్ ఏ కారుకు, ఏ రకమో చెబుతాయి. డీజెడ్ అంటే 1969 జెడ్ 28 కమారోలోని 302. అందుకే దొంగముద్రల్లో ఎక్కువగా కనపడేది కూడా డీజెడ్‌యే. ఫ్యాక్టరీలో బ్రోచింగ్ చేసిన (పళ్ళున్న పనిముట్టుతో చదును చేసిన) ప్యాడ్ మీద సన్నని సమాంతర గీతలుంటాయి. పాత అంకెలు రుద్దేసి కొత్తవి కొడితే ఆ గీతలు పోతాయి. గీతలు కూడా గీసి మోసం చేసే ఘనులున్నారనుకోండి. ఫోన్ ఫోటోలో ఇది తేల్చడం నా వల్ల కాదు. పక్కనుంచి లైటు వేసి, భూతద్దం పెట్టి చూడాలి.

ముద్ర కొట్టిపెట్టమని మమ్మల్ని అడిగేవాళ్ళూ ఉన్నారు. కొట్టం. దానివల్ల పెద్ద పనులే చేజారాయి, పోనివ్వండి.

సంతకం ఎందుకంటే, డెక్కూ ప్యాడూ ఒకే మట్టంలో ఉంటాయి. హెడ్ సరిగా కూర్చోవాలని డెక్కును కొద్దిగా కోసినా ప్యాడ్ మీది అంకెలు చెరిగిపోతాయి. ప్యాడ్ వదిలేసి కోయమంటే ప్రయత్నిస్తాం. సెట్టింగుకు టైము పడుతుంది కాబట్టి 120 డాలర్లు అదనం. ఏది కావాలో ముందే రాసి సంతకం పెట్టండి. కోసేముందు ప్యాడ్ ఫోటోలు ఎలాగూ తీసి ఇస్తాం.

షాపులో నంబర్లన్నీ చదివి రిపోర్టు ఇవ్వడానికి 75 డాలర్లు. అందులో ఏ అంకె ఎక్కడ ఉంది, దాని అర్థమేంటి అనే ఉంటుంది. "ఈ కారుతో పుట్టిన ఇంజన్" అనే మాట ఉండదు. నిజం చెప్పాలంటే ఈ పనిలో మాకు మిగిలేది తక్కువ. మా బతుకుతెరువు బోరింగూ, క్రాంకు గ్రైండింగూనే.

హైదరాబాద్ నుంచి తాతగారి 1951 షెవ్రొలే గురించి అడిగేవాళ్ళకు ఒక్క మాట. పైన చెప్పిన ఇంజన్లన్నీ ఎనిమిది సిలిండర్ల వి8లు, ఆ రకం 1955లో వచ్చింది. మీ బండిది వరస ఆరు సిలిండర్లది, 216 గానీ 235 గానీ అయ్యుండాలి. పైన రాసినవి దానికి వర్తించవు.

తెచ్చేముందు వెనక అంచు మీద జిడ్డును వైర్ బ్రష్‌తో తోమండి, అంకెల మీద సుద్ద రుద్దితే తేటగా కనిపిస్తాయి. ప్యాడ్ జోలికి మాత్రం బ్రష్, ఎమరీ కాగితం తీసుకెళ్ళకండి. బ్రేక్ క్లీనర్‌తో తడిపిన గుడ్డ చాలు. నంబర్ల చెకింగ్ శనివారం పొద్దున మాత్రమే. నడుపుకుంటూ వచ్చేవాళ్ళు ఓ గంట ముందే వచ్చి బండి ఆపండి, వేడి ఇంజన్ వెనక చెయ్యి పెట్టలేం.