ఒరేయ్ పిపెట్టూ!

విశాఖపట్నం,
ఆదివారం

ఒరేయ్ పిపెట్టూ,

ఆలస్యమైంది, తిట్టుకో. పేపర్లు దిద్దడంతోనే సరిపోయింది. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, ఇంటాయన అద్దె పెంచాడు, మీ చెల్లెమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. ఇక అసలు సంగతి.

మొన్న ఇంటర్ పిల్లలకి హరిత రసాయన శాస్త్రం, అదే చెత్తా ప్రమాదమూ తగ్గించే గ్రీన్ కెమిస్ట్రీ, మొదలుపెట్టా. 1998లో అనస్టాస్, వార్నర్ రాసిన 12 సూత్రాలూ వల్లిస్తే కునికిపాట్లు పడతారు కదా, నొప్పుల మందు ఐబుప్రోఫెన్ తయారీ ఎత్తుకున్నా. పాత పద్ధతిలో ఆరు దశలు, వాడిన సరుకు బరువులో 40 శాతమే మందయ్యేది. కొత్తదాంట్లో మూడే దశలు, 77 శాతం. మన 'గులాబీరంగు' మాస్టారిలా చాక్‌పీసు ఊపుతూ ఆటమ్ ఎకానమీ, అదే వాడిన సరుకులో ఎంత శాతం సరుకుగా మిగులుతుందనే లెక్క, కట్టేశా. నవ్వకు!

కిటికీ పక్క పిల్ల లేచింది. "సార్, స్టైరీన్ ద్రవం పాలిస్టైరీన్ ప్లాస్టిక్ అయితే ఎంత శాతం?"

"నూటికి నూరు! అణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఏదీ వృథా కాదు."

"అయితే అది గ్రీనేనా సార్? మాది వెంకటాపురం."

ఏమంటావురా? 2020 మే 7న తెల్లవారుజామున వాళ్ళ ఊరి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనప్పుడు వాళ్ళ నాన్న బండెక్కించి సింహాచలం వైపు తీసుకుపోయాడట. తిరిగొచ్చేసరికి పెరట్లో అరటాకులు మాడిపోయి ఉన్నాయట. ఆ గ్యాస్‌కి 12 మంది పోయారు. లాక్‌డౌన్‌లో ట్యాంకులో ఊరికే పడున్న స్టైరీన్ వేడెక్కి, తనంతట తనే పాలిమర్ అవుతూ ఇంకా వేడెక్కి, ఆవిరై ఊరిమీద పడింది. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగునే, పైన కాగుతున్నది ఎవరికీ తెలియలేదని విచారణ కమిటీ తేల్చింది.

ఉత్పత్తి సాగుతుండగానే ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలనేది 11వ సూత్రం. ప్రమాదానికి తావివ్వని పదార్థాలనే, అవి ఉండే రూపాన్నే ఎంచుకోవాలనేది 12వది. ఈ రెంటినీ చివర్లో పడేసి, సిలబస్ అయిపోయిందంటాం. నన్నడిగితే వీటితోనే మొదలుపెట్టాలి. ఆ 77 శాతం పద్ధతిలోనూ వాడేది హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషమేరా! తిరిగి వాడతారు సరే, కానీ అది లీకైతే? చెత్త తగ్గడం వేరు, భయం తగ్గడం... సరే, ఇది ఇంకోసారి.

1987లో సుస్థిరాభివృద్ధి గురించి ఐక్యరాజ్యసమితి బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన 'రాబోయే తరాలు' నా క్లాసులోనే కూర్చున్నాయి, లెక్క అడుగుతున్నాయి. నాకైతే ఆ పిల్లని ఎత్తుకుని గంతెయ్యాలనిపించింది, మరుక్షణం కడుపులో దేవినట్టయింది కూడా.

మీ ప్లాంటులో ట్యాంకుకి ఎన్ని ఎత్తుల్లో టెంపరేచర్ చూస్తారు? లోపల కలియబెట్టే ఏర్పాటుందా? కరెంటు పోతే చల్లబరిచేది ఎలా? వెంటనే రాయి, ఆ పిల్ల వదిలేలా లేదు. ఇంకా మన బ్యూరెట్ గాడి పెళ్ళి కబురు... అదిగో, కొరియర్ అబ్బాయి హారన్ కొడుతున్నాడు, ఉంటా.

నీ
కోనికల్ ఫ్లాస్కు