అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం: అధ్యయనం ఎలా జరిగిందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి వంటలో వాడని పదార్థాలు కలిపి ఫ్యాక్టరీలలో తయారుచేసే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారమే సకల జబ్బులకూ మూలమని ఒక వారం, అసలు ఆ నిర్వచనమే చెల్లదని మరో వారం వార్తలు చదివి పాఠకులు విసిగిపోతున్నారు. ఏ అధ్యయనం ఏ పద్ధతిలో జరిగిందో వార్తలో చెప్పకపోవడమే ఈ అయోమయానికి ప్రధాన కారణమని నా అభిప్రాయం.

పోషకాలను బట్టి కాక, తయారైన తీరును బట్టి ఆహారాన్ని వర్గాలుగా విడదీయాలని బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కార్లోస్ మాంటెరో 2009లో ప్రతిపాదించారు. నేడు 'నోవా' పేరుతో వాడుకలో ఉన్న నాలుగు వర్గాల పద్ధతికి మూలం అదే. అందులో చిక్కు లేకపోలేదు. పిండి, నీళ్లు, ఈస్ట్, ఉప్పుతో చేసిన బ్రెడ్ మూడోదైన 'ప్రాసెస్డ్' వర్గంలో ఉంటుంది. దానికి ఒక్క ఎమల్సిఫయర్ (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం) చేరితే చాలు, నాలుగోదైన 'అల్ట్రా ప్రాసెస్డ్' వర్గంలోకి, అంటే తీపి కూల్‌డ్రింకుల సరసకు వెళ్లిపోతుంది. పీచు పుష్కలంగా ఉన్న బ్రెడ్‌నూ కూల్‌డ్రింకునూ ఒకే గాటన కట్టడమేమిటన్న విమర్శలో న్యాయముంది.

ఈ ఆహారం ఎక్కువగా తినేవారిలో గుండెజబ్బులు, మధుమేహం ఎక్కువని చెప్పే అధ్యయనాలలో చాలా భాగం పరిశీలన మీద ఆధారపడినవే. అలా తినేవారిలో పేదరికం, పొగతాగడం, నిద్రలేమి కూడా ఉండవచ్చు; లెక్కలలో వాటిని ఎంత సర్దినా కొంత సందేహం మిగులుతుంది. అక్కడ తేలేది సంబంధమే గాని కారణం కాదు.

అలాగని మొత్తాన్నీ కొట్టిపారేయడం పొరపాటు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రి ఆవరణలోనే ఉంచి, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాన్నీ, తక్కువ ప్రాసెస్ చేసిన ఆహారాన్నీ చెరి రెండు వారాలు పెట్టి, 2019లో ఫలితాలు ప్రకటించింది. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానమే అయినా, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం పెట్టినప్పుడు వారు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, సుమారు కిలో బరువు పెరిగారు. వారు తిన్న వేగం కూడా ఎక్కువే. అయితే ఆ ఆహారంలో పీచు చాలక దానిని పానీయాలలో కలపాల్సి రావడంతో, నమిలే పదార్థాలలో ముద్దకు అందే కేలరీలు రెండో ఆహారంలో కంటే ఎక్కువయ్యాయి. దోషం వేగంగా తినేలా చేసే మెత్తదనానిదా, ముద్దలోని ఆ కేలరీల సాంద్రతదా, కలిపిన రసాయనాలదా అన్నది అందుకే ఇంకా తేలలేదు. నాకు ఈ చర్చ మొత్తంలో అసలైన ప్రశ్న ఇదే అనిపిస్తుంది.

2025లో వెలువడిన బ్రిటన్ ప్రయోగంలో 55 మందికి రెండు ఆహారాలనూ ఎనిమిదేసి వారాల చొప్పున, ఆ దేశ పోషకాహార మార్గదర్శకాలకు లోబడే ఇచ్చారు. రెండింటితోనూ బరువు తగ్గింది. తక్కువ ప్రాసెస్ చేసిన దానితో దాదాపు రెట్టింపు తగ్గింది. శీర్షికకు మాత్రం ఇందులో సగమే ఎక్కుతుంది.

దయచేసి ఇకపై ఇలాంటి వార్త వేసినప్పుడు అది పరిశీలనా, ప్రయోగమా, ఎంతమందిపై, ఎన్నాళ్లు జరిగింది, ఖర్చు ఎవరు పెట్టారు అన్నవి మొదటి పేరాలోనే ఇవ్వండి. దోషం దేనిదో తేల్చే సుదీర్ఘ ప్రయోగాలకు ఆహార కంపెనీల సొమ్ముపై ఆధారపడకుండా ప్రభుత్వాలే నిధులివ్వాలని సంపాదకీయంలో అడగండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు