గేటు దగ్గర పాప అన్నం డబ్బాను ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లలను థీమ్ పార్కులకు తీసుకెళ్లడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ రైడ్ ఎక్కాలంటే ఎంత ఎత్తు ఉండాలి, ఏ వేళకి వెళితే క్యూ తక్కువ, మార్చుకోవడానికి ఎన్ని జతల బట్టలు పెట్టుకోవాలి, అన్నీ వివరంగా రాశారు. తిండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోపల అన్నీ దొరుకుతాయి, ఇంటి నుంచి ఏమీ మోసుకెళ్లక్కర్లేదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా ఉత్తరం ఆ ఒక్క ముక్క గురించే.

మా పాపకు తొమ్మిదేళ్లు. దానికి సీలియాక్ జబ్బు ఉంది. నేను ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఈ జబ్బును మొదట పట్టిచ్చే టీటీజీ రక్తపరీక్ష నా చేతుల మీదుగా జరిగేదే కాబట్టి, తల్లిగా ఎంత బాధ ఉందో ఉద్యోగరీత్యా అంత అవగాహన కూడా ఉంది.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది కడుపులోకి వెళితే ఈ జబ్బు ఉన్నవాళ్ల రోగనిరోధక వ్యవస్థ తన సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు అరిగి చదునైపోతాయి. ఇక తిన్నది ఒంటబట్టదు. పిల్లలు ఎదగరు, రక్తహీనత వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. ప్రపంచంలో సుమారు 100 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. వాళ్లలో చాలామందికి తమకీ జబ్బు ఉన్నట్టే తెలియదు. (మీ పిల్లల విషయంలో అనుమానం ఉంటే ముందుగా గోధుమ మాన్పించకండి. మానేశాక పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. ముందు పరీక్ష, ఆ తర్వాతే పథ్యం.)

దీనికి ఇప్పటికీ మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు. విల్లెం కారెల్ డికె అనే డచ్ పిల్లల డాక్టరుకు ఈ జబ్బుకు గోధుమే కారణమన్న అనుమానం ముందు నుంచీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తిండి కరువై రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు ఉన్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. మళ్లీ రొట్టె రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. తన పరిశీలనలన్నీ ఆయన 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు. ఇన్నేళ్లు గడిచినా చికిత్స అదే, జీవితాంతం గ్లూటెన్ తగలని తిండి తినడం. అంటే మా పాప డబ్బాలో ఉన్న అన్నమే దాని మందు. ఇన్సులిన్ పెట్టుకున్న సంచిని ఏ గేటు దగ్గరా ఆపరు. అన్నం డబ్బాను ఎందుకు ఆపాలి?

పోయిన సెలవుల్లో ఒక పార్కు గేటు దగ్గర మమ్మల్ని ఆపారు. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క పార్కు సంగతి కాదు. సంచి తెరిచి చూసిన సెక్యూరిటీ అబ్బాయి "బయటి ఫుడ్ అలవ్ లేదమ్మా, లోపల ఫుడ్ కోర్టు ఉంది" అన్నాడు. డాక్టరు రాసిచ్చిన ఉత్తరం చూపించాను. "చంటిపిల్లల తిండి అయితే పంపిస్తాం మేడమ్, పాప పెద్దదే కదా" అన్నాడు. సూపర్‌వైజర్‌ను పిలిపించాం. ఆయన వచ్చేదాకా వెనక ఉన్న జనం విసుక్కుంటూనే ఉన్నారు. పాప నా చున్నీ పట్టుకుని "అమ్మా, పోనీ ఇంటికి వెళ్లిపోదామా" అంది. సూపర్‌వైజర్ మర్యాదగానే మాట్లాడాడు, ఉత్తరం మొత్తం చదివాడు. చివరికి పండ్లు, ఉడికించిన గుడ్లు ఒప్పుకుని అన్నం డబ్బాను మాత్రం కౌంటర్లో పెట్టించాడు. బయటికి వచ్చి తిని మళ్లీ వెళ్తామంటే, ఒకసారి బయటికి వస్తే ఆ టికెట్‌తో తిరిగి లోపలికి పంపరట. గుడ్డుకు ఒక న్యాయం, అన్నానికి ఒక న్యాయం ఏ లెక్కన అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు. ఆయన మీద నాకు కోపం లేదు. పైవాళ్లు రాసిచ్చిన నియమంలో మా పాపలాంటి వాళ్ల కోసం ఒక్క గీత కూడా లేదు, అంతే.

లోపల దొరుకుతుంది కదా అనేవాళ్లు ఒకసారి పార్కు వంటగది ఎలా నడుస్తుందో ఆలోచించాలి. మామూలు హోటల్లో అయితే రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లి, వంటవాళ్లతో మాట్లాడి, నమ్మకం కుదిరితే తింటాం. పార్కులో మధ్యాహ్నం ఒక గంటలో వేలమంది కౌంటర్ల మీద పడతారు. పనిచేసేవాళ్లు చాలామంది సీజన్ కోసం చేరిన కుర్రాళ్లు. వండింది ఒకచోట, అమ్మేది ఇంకోచోట. అమ్మే మనిషికి అందులో ఏం కలిసిందో తెలిసే వీలే లేదు.

ఫ్రెంచ్ ఫ్రైస్ సంగతే తీసుకోండి. బంగాళదుంపలో గ్లూటెన్ లేదు. కానీ అవి వేగే నూనెలోనే పిండి, బ్రెడ్ పొడి అద్దిన చికెన్ ముక్కలు వేగుతాయి. వేడికి గ్లూటెన్ చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. అది క్రిమి కాదు, ప్రోటీన్. మూకుడులో ఎంత మరిగినా దాని హాని పోదు. నూనెలో రాలిన పొడి పక్క ముక్కకు అంటుకుంటుంది. కొన్ని ఫ్రోజెన్ ఫ్రైస్‌కు కరకరలాడటానికి పైన పిండి పూత కూడా వేస్తారు.

ఐస్‌క్రీమ్‌ కప్పులో తీసుకుంటే చాలనుకుంటాం. అదే చెంచా అంతకుముందు కోన్‌లోకి పెట్టిన ఐస్‌క్రీమ్‌ను నొక్కింది, లేదా బిస్కెట్ ముక్కలున్న రకంలోకి వెళ్లొచ్చింది. బర్గర్‌లో బన్ను తీసేసి ఇస్తామంటారు. బన్ను కాల్చిన పెనం మీదే ఆ మాంసం ముక్కా కాలింది, పట్టకారు అదే, చేతి తొడుగూ అదే. కొన్నిచోట్ల ఆ మాంసం ముద్ద విడిపోకుండా లోపల బ్రెడ్ పొడి కూడా కలుపుతారు. సోయా సాస్‌ను సాధారణంగా గోధుమతో కలిపే పులియబెడతారు. సూపులు చిక్కబడటానికి పిండి వేస్తారు. మాల్ట్ అన్న మాట కనిపిస్తే అది చాలావరకు బార్లీయే. పిజ్జా కౌంటర్ దగ్గరైతే గాల్లోనే పిండి ఎగురుతుంటుంది. బఫేలో ఒక గిన్నెలో చెంచా ఇంకో గిన్నెలోకి వెళ్లకుండా ఆపగలిగే మనిషిని నేనింకా చూడలేదు. చేతులకు శానిటైజర్ రాసుకున్నాం మేడమ్ అంటారు. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ చేతికంటిన పిండిని తీసేయదు, దానికి సబ్బూ నీళ్లే కావాలి.

ఇంత చాదస్తం అవసరమా అని మా బంధువుల్లోనే కొందరు అడిగారు. ఈ అంకె చూడండి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ 2008లో సవరించిన నియమం ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికా 2013లో తెచ్చిన నియమంలోనూ అదే హద్దు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ జబ్బు ఉన్నవాళ్లకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇచ్చి చూస్తే పేగుకు నష్టం కనిపించింది. ఒక రొట్టె ముక్క నుంచి రాలే పొడిలోనే అంత ఉంటుంది. ఇంకో సంగతి, పొరపాటున తిన్న ప్రతిసారీ వాంతులో నొప్పో రావాలని లేదు. పైకి బాగానే కనిపిస్తూ లోపల పేగు దెబ్బతినవచ్చు. అందుకే మొన్న తిన్నప్పుడు ఏమీ కాలేదుగా అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోను.

ఆ రోజు లోపల మా పాప తనే ఒక కౌంటర్ దగ్గరికి వెళ్లి "అక్కా, ఇందులో గోధుమ ఉందా?" అని అడిగింది. "లేదురా, మైదాతోనే చేస్తాం" అంది ఆ అమ్మాయి నవ్వుతూ. మైదా అయినా బొంబాయి రవ్వ అయినా గోధుమదేనని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. పాపకు తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియని పిల్ల అయితే అక్కడే తినేసేది. ఇంకో కౌంటర్లో ఉన్న అబ్బాయి మాత్రం ఫ్రైస్ అడగ్గానే ఒక్క క్షణం ఆగి "అదే నూనెలో నగ్గెట్స్ కూడా వేస్తాం మేడమ్, పాపకు వద్దు" అన్నాడు. అమ్మకం పోయినా నిజం చెప్పాడు. ఆ అబ్బాయికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. మిగతావాళ్లకు కూడా ఆ ఒక్క మాట చెప్పగలిగే శిక్షణ ఇవ్వమనే నేను అడుగుతున్నది.

ఇదంతా సాధ్యం కాదని యాజమాన్యాలు అనడానికి లేదు. అమెరికాలో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు ఎవరైనా సొంత తిండి తీసుకెళ్లవచ్చు, గాజు సీసాల్లాంటివి ఉండకూడదంతే. లోపల చాలా రెస్టారెంట్లలో ఎలర్జీ ఉన్నవాళ్లకు వేరే మెనూ ఉంటుంది, అడిగితే షెఫ్ గానీ శిక్షణ పొందిన ఉద్యోగి గానీ వచ్చి మాట్లాడతారు. అయినా వంటగది అందరిదీ కాబట్టి నూటికి నూరు శాతం హామీ ఇవ్వలేమని కూడా వాళ్లు ముందే చెబుతారు. ఆ చివరి మాట నాకు మరీ నచ్చింది. హామీ ఇవ్వలేనప్పుడు డబ్బాను ఆపకపోవడమే న్యాయం. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి ప్యాకెట్‌లో లేని తిండికి కూడా, అంటే కౌంటర్లో వడ్డించే దానికి కూడా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలతో సహా 14 రకాల ఎలర్జీ కారకాల వివరం చెప్పాలని చట్టమే ఉంది.

కోర్టుల దాకా కూడా వెళ్లింది ఈ గొడవ. అమెరికాలో వర్జీనియాలోని కొలోనియల్ విలియమ్స్‌బర్గ్ అనే చారిత్రక ప్రదేశానికి 2017లో బడి పిల్లల్ని తీసుకెళ్లారు. గ్లూటెన్ పడని పదకొండేళ్ల బాబు ఇంటి నుంచి తెచ్చుకున్నది అక్కడి రెస్టారెంట్లో కూర్చుని తినడానికి వీల్లేదన్నారు. మేమే గ్లూటెన్ లేకుండా వండిపెడతాం అన్నారు. కానీ వేరేచోట్ల అలా వండామన్న తిండి తినడం వల్లే ఆ బాబు అంతకుముందు జబ్బుపడి ఉన్నాడు. స్నేహితులను వదిలి బయటికి వెళ్లి తినాల్సి వచ్చింది. వండిపెడతామన్నారు కదా అని కేసు కొట్టేయడం కుదరదు, దీన్ని జ్యూరీ విచారించాల్సిందే అని 2019లో అప్పీలు కోర్టు అంది. వండిపెడతాం అనడం వేరు, ఆ పిల్లవాడు భయం లేకుండా తినగలగడం వేరు. ఈ రెండింటి మధ్య తేడాను ఒక న్యాయస్థానం విచారించదగ్గదిగా చూసినందుకు నాలాంటి తల్లులకు ఎంత ఊరటో చెప్పలేను.

పార్కుల వాళ్లను నేను అడుగుతున్నది పెద్ద ఖర్చు పెట్టే పని కూడా కాదు. డాక్టరు ఉత్తరం ఉన్నవాళ్ల డబ్బాను గేటు దగ్గర వాదన లేకుండా వదలాలి. వదిలే అధికారం ఆ గేటు మనిషికే ఇవ్వాలి, సూపర్‌వైజర్ కోసం ఎండలో నిలబెట్టకూడదు. ఒక్క కౌంటర్లోనైనా బంగాళదుంపలకు వేరే మూకుడు పెట్టాలి. అది కుదరకపోతే సీల్ తీయని గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్లు, తొక్క తీయని పండ్లు, పెంకు తీయని ఉడికించిన గుడ్లు ఎక్కడ దొరుకుతాయో మ్యాప్‌లో ఒక గుర్తు పెట్టినా చాలు. వాటికి వంటగదితో పనే లేదు. పోతే, అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పమని సిబ్బందికి నేర్పాలి. ఊహించి చెప్పే "ఏం కాదులెండి" అన్న మాటే మాకు అన్నిటికంటే ప్రమాదం.

ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలకు కూడా ఒక మాట. టికెట్ కొనే ముందే పార్కుకు మెయిల్ పెట్టి, డబ్బా అనుమతిస్తామన్న జవాబును రాతపూర్వకంగా తెప్పించుకుని ఫోన్‌లో దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట గేటు దగ్గర చెల్లదు. గ్లూటెన్ ఫ్రీ ఉందా అని అడిగితే ఉందనే అంటారు. అదే నూనెలో ఇంకేం వేస్తారు, గరిట వేరేనా, చేతి తొడుగులు మారుస్తారా అని విడివిడిగా అడగండి.

చివరగా మీకు ఒక మనవి. మీరు వచ్చే సెలవులకు మళ్లీ పార్కుల జాబితా వేస్తారు. ప్రతి పార్కు పేరు పక్కన రైడ్ ఎత్తులతో పాటు మరో రెండు వివరాలు చేర్చండి: వైద్య కారణాలున్న తిండిని లోపలికి అనుమతిస్తారా, వేపుళ్లకు వేరే నూనె వాడతారా. ఆ వివరాలు మీరు అడిగితే చెబుతారు. మేము అడిగితే వెబ్‌సైట్ చూసుకోమంటారు, అందులో ఉండదు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, సీలియాక్ ఉన్న పాప తల్లి